మహావృక్షము నీడన లేత మొక్క

మర్రి నీడన మరియొక మొక్క మొలవదని మన పెద్దలు చెప్పుదురు. ఈ మాటను మనము సాధారణముగా మనుష్యులకు అన్వయించి వాడుచున్నాము. పేరుగాంచిన తండ్రికి కుమారుడు వెలవెలబోయినను, పెద్ద నాయకుని చెంత చిన్న నాయకుడు తలయెత్తకపోయినను ఈ సామెతయే నోటికి వచ్చును. కాని ఈ సామెత పుట్టినది సభామంటపములలో కాదు, చేలగట్ల మీద. చెట్టు క్రింద మొక్క ఎదగకుండుటను కన్నులార చూచిన కర్షకుడు అన్న మాట ఇది. అతడు చూచినది నిజము. దానికి కారణమేమి? చెట్టు వెలుతురును అడ్డగించుట వలననా? దాని వేళ్ళు నేలలోని నీటిని ముందుగా త్రాగివేయుట వలననా? లేక దాని ఆకులు, వేళ్ళు, బెరడు నేలలోనికి వదలు పదార్థమేదైనను లేత మొక్క వేరును అణచుట వలననా? ఈ మూడవ ప్రశ్నను మా కళాశాల విద్యార్థుల యెదుటను, కమిటీ పెద్దల యెదుటను ఉంచుట ఈ వ్యాసము ఉద్దేశము.

తెలుగు బోధించువారికి వేళ్ళతోను, మట్టితోను పని యేమని కొందరు అడుగవచ్చును. పని కలదు. విత్తు, మొలక, మారాకు, నారు, అంటు, మోడు అను మాటలు లేని తెలుగు భాషయే లేదు. ఆ మాటల వెనుకనున్న వస్తువును ఎరుగని విద్యార్థికి ఆ మాటలు కూడ సగమే దక్కును. అదియునుగాక, ఏలూరు పరిసరములలో మన విద్యార్థుల కుటుంబములు పెక్కు నేలతో బ్రతుకుచున్నవే. చింతలపూడి, జంగారెడ్డిగూడెము వైపు మెట్టలలో జామాయిలు, జీడిమామిడి, ఆయిల్ పామ్ తోటలు. తాడేపల్లిగూడెము, భీమవరము వైపు వరిచేలు, కొబ్బరితోటలు. దక్షిణమున కొల్లేటి లంకలు, చేపల చెరువులు. ఒక చెట్టును తీసివేసి మరియొక చెట్టును నాటుట ఈ సీమలో ఇంటింటి వ్యవహారము. అందు నష్టపోయిన వానికి ఏండ్లు నష్టమగును. వరి ఒక పంట చెడినచో మరు పంట కలదు. తోట చెడినచో అయిదారేండ్ల జీవితము చెడును.

ఇక మన ఇంటి సంగతి. 1950లో కేంద్ర మంత్రిగా నుండిన కె.ఎం. మున్షీ గారు ఆరంభించిన వనమహోత్సవమును మన కళాశాల ఏటేట శ్రద్ధతో జరుపుకొనుచున్నది. పడమటి ప్రహరీ వెంబడి జామాయిలు చెట్ల వరుస కలదు. ఆ వరుస ప్రక్క స్థలము ఖాళీగా నుండుటచే కొత్త మొక్కలు అచ్చటనే నాటబడుచున్నవి. వేప, కానుగ, బాదము, గంగరావి, ఏది నాటినను మరు వేసవికి ఆసరా కర్రలు మాత్రమే మిగులుచున్నవి. అంతట ఏటేట ఒకటే తీర్పు: “పిల్లలు నీళ్ళు పోయలేదు, తోటమాలి చూడలేదు.” కాని అదే పిల్లలు, అదే తోటమాలి, అదే వారమున ప్రధాన ద్వారము వద్ద నాటిన మొక్కలు నేడు మనిషెత్తు దాటినవి. చేతులు ఒకటే, నీరు ఒకటే, మొక్కలు తెచ్చిన కడియపు తోట ఒకటే. మారినది చోటు. అట్లయినప్పుడు విచారణ జరుగవలసినది చేతుల మీదనా, చోటు మీదనా?

చెట్టునకు చెట్టునకు మధ్య స్నేహ వైరములు కలవను ఊహ కొత్తది కాదు. గ్రీకు దేశమున క్రీస్తునకు పూర్వము 300 ప్రాంతమున థియోఫ్రాస్టస్ అను పండితుడు శనగ పైరు నేలను అలయజేయుననియు, కలుపును, ముఖ్యముగా పల్లేరును, నశింపజేయుననియు వ్రాసెను. రోము నగరపు ప్లినీ క్రీస్తు శకము మొదటి శతాబ్దమున అక్రోటు చెట్టు నీడ ఇతర మొక్కలకు హాని యనెను. మన దేశమున ఆరవ శతాబ్దమునకు చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేద భాగమున చెట్ల నడుమ ఇరువది మూరల ఎడము ఉత్తమమనియు, పదునారు మధ్యమమనియు, పండ్రెండు కనిష్ఠమనియు చెప్పెను. మూర యనగా అడుగున్నర. అనగా ముప్పది, ఇరువది నాలుగు, పదునెనిమిది అడుగులు. దగ్గర దగ్గరగా పుట్టి, ఒకదానినొకటి తాకుచు, వేళ్ళు పెనవేసికొన్న చెట్లు పీడితములై సరిగా ఫలింపవని ఆయన అభిప్రాయము. మొక్కలు నాటుటకు ముందు ఆ నేలలో నువ్వులు చల్లి, అవి పూచిన పిమ్మట నేలలోనే నలిపివేయవలెనని కూడ ఆయన విధించెను. భూమికి చేయవలసిన మొదటి సంస్కారము అదియేయట. నువ్వుల మొక్క రసము తుంగ మొలకను అణచుననుటకు నేటి ప్రయోగములలో కొంత సాక్ష్యము లభించినది. పదునాలుగు వందల యేండ్ల నాటి విధిని మనము పూజించి ఊరకుండుటకంటె పరీక్షించి చూచుట ఆ పండితునకు చేయు గౌరవమని మా నమ్మకము.

ఆధునిక కాలమున ఈ విషయమునకు పేరు పెట్టినవాడు హాన్స్ మోలిష్ అను ఆస్ట్రియా దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు. ఆయన 1928-29లో కలకత్తాలోని జగదీశ చంద్ర బోసు పరిశోధనాలయమునకు వచ్చి కొన్ని మాసములు పనిచేసెను. 1937లో ఆయన ప్రకటించిన గ్రంథములో “అల్లెలోపతి” అను మాట తొలిసారి కనబడినది. గ్రీకు మూలమున దాని అర్థము పరస్పరము కలుగు బాధ. మాటలో బాధ యున్నను, ఒక మొక్క మరియొక మొక్కకు రసాయనముల ద్వారా చేయు మేలును కీడును రెండింటిని ఆయన ఆ పేరుతోనే పిలిచెను. పండుచున్న ఆపిలు పండు విడుచు వాయువు ప్రక్కనున్న మొక్కలపైన చూపు ప్రభావమును ఆయన విశేషముగా పరీక్షించెను. మామిడికాయలను గడ్డిలో కప్పి మాగవేయు మన యింటి ఆడవారికి ఆ వాయువు పేరు తెలియకున్నను పని తెలియును. ఆ వాయువే ఇథిలీన్. తెలుగులో ఈ శాస్త్రమునకు “పరస్పర ప్రభావము” అను పేరు చాలునని మేము తలంచుచున్నాము.

మొక్క తన రసాయనములను నాలుగు త్రోవలలో బయటికి పంపును. వాన, మంచు ఆకులను కడిగినప్పుడు కొన్ని కారును. ఎండలో కొన్ని ఆవిరియై పోయి నేలకు అంటుకొనును. సజీవమైన వేరు కొన్నిటిని స్రవించును. రాలిన ఆకు, బెరడు, చచ్చిన వేరు కుళ్ళినప్పుడు మరికొన్ని వెలువడును. ఇందు ఫినాల్ జాతి ఆమ్లములు, టానినులు, కర్పూరమువలె ఘాటైన వాసనగల టెర్పీనులు ముఖ్యములు. అమెరికాలోని నల్ల అక్రోటు చెట్టు విషయము అందరికంటె ముందు తేలినది. దాని వేళ్ళు ప్రాకినంత మేర టమాటా మొక్కలు వాడిపోవుట 1925లో గమనింపబడినది. అందుకు జుగ్లోన్ అను పదార్థము కారణమని 1928లో చెప్పబడినది.

ఇట్లు నేలలో పడిన పదార్థము అచ్చటనే శాశ్వతముగా నుండునా? ఉండదు. నేల యనగా ఖాళీ పాత్ర కాదు. బంకమట్టి రేణువులు ఈ రసాయనములను పట్టి యుంచును. సూక్ష్మజీవులు వానిని ఆహారముగా తినివేయును. వానలు లోతునకు కొట్టుకొనిపోవును. కాబట్టి ఒకే ఆకు ఒక నేలలో హాని చేయును, మరియొక నేలలో ఏమియు చేయదు. పశువుల ఎరువు, ఆకుల ఎరువు పుష్కలముగా పడి, సూక్ష్మజీవులతో కళకళలాడు నేలలో ఈ రసాయనములు త్వరగా విరిగిపోవును. ఎరువెరుగని ఎర్ర ఇసుకనేలలో, వానలు లేని వేసవిలో, ఆకు మీద ఆకు రాలి కుళ్ళక నిలిచిన చోట అవి పోగుపడును. మెట్ట ప్రాంతమునకు, డెల్టాకు భేదము ఇచ్చటనే యున్నది.

పెద్ద చెట్టు సహించుకొను దానిని లేత మొక్క ఏల సహింపలేదు? దాని వేరు భూమిపైపొరలోనే యుండును. రాలిన ఆకు రసము దిగునదియు మొదట ఆ పొరలోనికే. దాని నిలువ ఆహారము స్వల్పము. పైగా అనేక వృక్షముల వేళ్ళకు ఒక జాతి శిలీంధ్రములు అంటుకొనియుండి, నేలలోని భాస్వరమును, నీటిని అందించుచుండును. లేత మొక్కకు ఆ స్నేహము ఇంకను కుదరలేదు. ఆ స్నేహమునే చెరచు మొక్కలు కలవు. ఐరోపా నుండి అమెరికా అడవులలోనికి చొరబడిన వెల్లుల్లి వాసన గల ఒక ఆవజాతి మొక్క నేలలోని ఆ శిలీంధ్రములను దెబ్బతీసి, మేపుల్ మొదలగు వృక్షముల లేత మొక్కలను ఎదగనీయదని 2006లో శాస్త్రజ్ఞులు నిరూపించిరి. కెనడా దేశపు న్యూఫౌండ్‌లాండ్‌లో అడవి నరికిన చోట కాల్మియా అను పొద వ్యాపించి, నల్ల స్ప్రూస్ వృక్షపు లేత మొక్కలను ఏండ్ల తరబడి కురుచగా నిలిపివేయుట కూడ ఇట్టిదే. మన పిల్లలు జూలై వానలలో మొక్కలు నాటుదురు. వేసవి అంతయు రాలిన ఆకు మీద తొలకరి పడి, దాని రసము ఒక్కసారిగా నేలలో దిగు సమయమును అదియే. ముహూర్తము మంచిదే, చోటు మాత్రము చూచుకొనవలెను.

ఇప్పుడు జామాయిలు విషయము. మన దేశమున యూకలిప్టస్ చెట్లను 1790 ప్రాంతమున మైసూరు ప్రభువు టిప్పు సుల్తాన్ నందిదుర్గపు తోటలో నాటించెనని చరిత్ర. తరువాత నీలగిరులలో ఆంగ్లేయులు పెంచిరి. 1975లో ఏర్పడిన రాష్ట్ర అటవీ అభివృద్ధి సంస్థ మన గోదావరి సీమలో విస్తారముగా వేసినది. 1990ల నుండి భద్రాచలము కాగితపు కర్మాగారము వారు అభివృద్ధి చేసిన క్లోన్ మొక్కలు మెట్ట రైతుల చేలలోనికి వచ్చినవి. నాలుగేండ్లకు కోతకు వచ్చి, మోడు నుండి తిరిగి చిగురించు పంట కనుక, కూలీలు దొరకని మెట్టలో అది అనేక కుటుంబములకు ఆసరా యైనది. రాజమహేంద్రవరము, సారపాక కాగితపు మిల్లులకు కర్ర దానినుండియే పోవుచున్నది. దానిని దుష్టవృక్షమని తిట్టుట సులభము. దానిపై పిల్లల చదువులు నడిపించిన రైతు వినునట్లు తిట్టుట కష్టము.

అయినను దాని గుణము దానిదే. నీలగిరి తైలమునకు వాసననిచ్చు సినియోల్ అను పదార్థము మొలకలను అణచునని ప్రయోగశాలలలో తేలినది. దాని ఆకులలో ఫినాల్ ఆమ్లములును కలవు. నూనె పూసినట్లున్న దాని ఆకుచెత్త పేరుకొన్న ఇసుకనేల నీటిని పీల్చుకొనక తోసివేయుట కూడ కలదు. దానితోపాటు లోతైన వేళ్ళతో నీటిని వేగముగా త్రాగు స్వభావము. కర్ణాటక ప్రభుత్వము 2017లో కొత్తగా జామాయిలు నాటుటను నిషేధించుటకు ప్రధాన కారణము ఈ నీటి విషయమే గాని ఆకు విషయము కాదు. ఈ భేదమును మరువరాదు. మన ప్రహరీ ప్రక్క మొక్కలు చచ్చుటకు రసాయనమెంత, దాహమెంత యని వేరుచేసి చూడవలసియున్నది.

జామాయిలు ఒక్కటియే కాదు. 1877లో కడప జిల్లా కమలాపురమున తొలుత వేయబడిన సర్కారు తుమ్మ నేడు కాలువగట్లను, బీళ్ళను ఆక్రమించినది. దాని ఆకులలోని ఆల్కలాయిడులు ఇతర మొలకలను అణచుచున్నవి. సుబాబులు ఆకులో మైమోసిన్ అను పదార్థము కలదు; తైవాన్‌లో సుబాబులు తోటల క్రింద నేల బోసిగా నుండుటకు అదియు కారణమని అచ్చటి శాస్త్రజ్ఞులు తేల్చిరి. నర్సాపురము తీరమున సరుగుడు క్రింద పరుపువలె పడిన సూదులమీద ఏదియు మొలవకుండుటను మన విద్యార్థులు పలువురు చూచియే యుందురు. 1950లలో పూనా ప్రాంతమున కనబడి దేశమంతయు నిండిన వయ్యారిభామ మరియొకటి. పార్థెనిన్ అను చేదు పదార్థము దాని ఆయుధము; ప్రక్క మొక్కకు మాత్రమే కాక పెరికిన మనిషి చర్మమునకు కూడ అది శత్రువు. చేతికి తొడుగు లేకుండ విద్యార్థులచే దానిని పెరికించుట మంచి పని కాదు. పూతకు రాకముందే పెరికి, ఎరువు గుంటలో కుళ్ళబెట్టవలెను.

ఈ జాబితా విని ప్రకృతియే విషమయమని భయపడనక్కరలేదు. అదే రసాయనము చోటెరిగి వాడినచో మందు. మన తాతలు వరిమడిలో కానుగ ఆకు, జిల్లేడు తొక్కించిరి. తోటలకు వేపపిండి వేసిరి. నేలలోని అమ్మోనియాను నైట్రేటుగా మార్చు సూక్ష్మజీవుల వేగమును వేప, కానుగ పదార్థములు తగ్గించును. తన్మూలమున నత్రజని వృథా గాక మొక్కకు నెమ్మదిగా అందును. ఈ సత్యమునే ఆధారము చేసికొని కేంద్ర ప్రభుత్వము 2015లో దేశమున తయారగు యూరియాకంతకు వేపనూనె పూత విధించినది. ఎరువుల దుకాణములో రైతు కొను ప్రతి బస్తాయును ఈ శాస్త్రమునకు సాక్షియే. మరియొక ఉదాహరణము. కాలిఫోర్నియాలో సీసాబ్రష్షువంటి పూలు పూయు ఒక అలంకార వృక్షము క్రింద కలుపు లేకుండుటను 1977లో ఒక రసాయనజ్ఞుడు గమనించెను. ఆ చెట్టు విడుచు పదార్థమును నమూనాగా గొని చేసిన మీసోట్రయోన్ అను మందును నేడు మొక్కజొన్న చేలలో కలుపునకు చల్లుచున్నారు. “ఈ చెట్టు క్రింద ఏల ఏమియు మొలవలేదు?” అను ప్రశ్న ఒక పరిశ్రమకు పునాదియైనది. మన చెట్టు క్రింద మనము అడిగిన ప్రశ్న మాత్రము “నీళ్ళెవరు పోయలేదు?” అని.

డెల్టా వారికి కూడ ఇందు పాఠము కలదు. తైవాన్‌లో సంవత్సరమునకు రెండు వరిపంటలు పండించు చోట రెండవ పంట తగ్గుటను చూచి, 1970లలో అచ్చటి శాస్త్రజ్ఞులు పరిశీలింపగా, మొదటి పంట గడ్డి నీటిముంపులో కుళ్ళునప్పుడు వెలువడు ఫినాల్ ఆమ్లములు నారు వేళ్ళను దెబ్బతీయుచున్నవని తేలినది. నీరు తీసి నేలకు గాలి సోకనిచ్చినచో ఆ దోషము తగ్గును. సార్వా కోసిన వెంటనే దాళ్వాకు దమ్ము చేయు మన రైతులకు, మురుగు బాగుగా పోవుట ఎంత అవసరమో దీనివలన తెలియుచున్నది.

ఇన్ని చెప్పిన పిమ్మట ఒక హెచ్చరిక కూడ చెప్పక తప్పదు. ప్రతి మొక్క చావునకు విషము కారణమనుట తొందరపాటు. 1964లో కాలిఫోర్నియా శాస్త్రజ్ఞుడు ముల్లర్, ఆయన సహచరులు, ఘాటువాసన గల ఒక తులసి కుటుంబపు పొద చుట్టును గడ్డి మొలవని బోసినేల కట్టుకట్టినట్లుండుటను చూపి, పొద విడుచు ఆవిరులే కారణమనిరి. ప్రపంచమంతయు ఒప్పుకొన్నది. 1970లో బార్తలొమ్యూ అను మరియొకడు ఆ బోసినేలపైన తీగవలలు బోర్లించెను. వలల క్రింద గడ్డి మొలచినది! పొదలో దాగిన ఎలుకలు, కుందేళ్ళు బయటికి వచ్చి దగ్గరి గడ్డిని కొరికివేయుచుండెను. వాదము పూర్తిగా ముగియలేదు గాని, శాస్త్రమునకు వినయము వచ్చినది. ఆకు నూరి, ఆ ముద్ద రసమును విత్తుపైన పోసి, మొలవలేదు గనుక విషమనుట కూడ ఇట్టిదే. అంత చిక్కని రసము నేలలో ఎన్నడును ఉండదు.

కొల్లేరు ఈ వినయమును మనకు నేర్పు పాఠశాల. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చు నీటితో నిండి, ఉప్పుటేరు ద్వారా సముద్రమును చేరు ఆ సరస్సు 1999లో అభయారణ్యమైనది. 2002లో అంతర్జాతీయ రామ్‌సర్ జాబితాకు ఎక్కినది. గట్టుల మీద మొక్కలు బ్రతుకకపోయినచో అచ్చట జామాయిలు లేదు, సుబాబులు లేదు. ఏండ్ల తరబడి నిలుచు నీరు, గాలి సోకని నల్లబంక, ఉప్పుటేటి వెంట ఎగదట్టు ఉప్పు కారణములు. ఆటపాకలో గూడబాతులకు గూళ్ళు కట్టుకొనుటకు చెట్లు చాలక ఇనుప మంచెలు నిలుపవలసివచ్చినది. ఆ పక్షులకు మరల చెట్టు కావలెనన్నచో ఉప్పును, ముంపును సహించు కానుగ, నల్లతుమ్మ వంటి వానిని ఎంచుకొనవలెను గాని, లేని విషమును వెదకరాదు. మెట్టలో ఒక కారణము, కొల్లేటిలో మరియొక కారణము. రెంటికి ఒకే మందు వేయువాడు వైద్యుడు కాడు.

మరి మనము చేయవలసినదేమి? కమిటీ పెద్దలలో కొందరు నీరు సరిగా పోసిన చాలుననుచున్నారు. విద్యార్థులలో కొందరు జామాయిలు వరుసను రేపే నరికివేయవలెననుచున్నారు. ఉభయులును పరీక్ష లేకుండ తీర్పు చెప్పుచున్నారని మా అభిప్రాయము. పరీక్షకు పెద్ద వ్యయము లేదు. అయిదు వరుసల మట్టి కుండీలు చాలును. మొదటి వరుసలో ద్వారము వద్ద మట్టి. రెండవ వరుసలో జామాయిలు క్రింది మట్టి. మూడవ దానిలో జామాయిలు క్రింది మట్టికి బొగ్గుపొడి కలుపవలెను. బొగ్గు ఈ రసాయనములను పట్టుకొనును. నాలుగవ దానిలో ద్వారము వద్ద మట్టికి అంతే బొగ్గు; బొగ్గు స్వయముగా మొక్కకు మేలు చేసినదేమో తెలియుటకు ఇది అవసరము. అయిదవ దానిలో ద్వారము వద్ద మట్టిపైన ఎండిన జామాయిలు ఆకు పరచవలెను. అన్నిటికి కొలచిన నీరు, ఒకే వెలుతురు. ఒక్కొక్క వరుసకు పది కుండీలకు తక్కువ కారాదు. వేప గింజ రెండు మూడు వారములకే మొలకెత్తు శక్తి కోల్పోవును గనుక రాలిన వెంటనే తాజాగా విత్తవలెను.

మూడు మాసముల పిమ్మట మొక్కలను పెరికి వేళ్ళ పొడవు కొలచినచో నిజము తనంతట తానే బయటపడును. రెండవ వరుస కుంగి, మూడవ వరుస బాగుగా పెరిగి, బొగ్గు వలన నాలుగవ వరుసకు ఆపాటి లాభము కలుగనిచో రసాయనము దోషి. అన్ని వరుసలు సమానముగా పెరిగినచో దోషి రసాయనము కాదు. ఆరుబయట దాహమో, నీడయో అయియుండును. కుండీలో జామాయిలు వేరు లేదు గదా! వృక్షశాస్త్ర విభాగము వారు పర్యవేక్షింపగా, తెలుగు, ఉర్దూ విద్యార్థులు కలసి రెండు భాషలలోను లెక్కలు వ్రాసినచో, వచ్చు సంచికకు ఊహాగానములకు బదులు ఫలితములు దొరకును. సందేహము వచ్చినచో అడుగుటకు వెంకటరామన్నగూడెమున 2007లో వెలసిన ఉద్యాన విశ్వవిద్యాలయము కలదు. పెదవేగిలో ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ కలదు. గంట ప్రయాణమున నున్న విద్యను వినియోగించుకొనకపోవుట మన దారిద్ర్యమే గాని వారి లోపము కాదు.

ఫలితము వచ్చులోపల హాని లేని పనులు కొన్ని చేయవచ్చును. వచ్చు వనమహోత్సవమున జామాయిలు వరుసకు ముప్పది అడుగుల లోపల మొక్క నాటకుందము. ఆ ఖాళీలో రాలిన ఆకును ఊడ్చి తీసి, జనుము గాని జీలుగ గాని చల్లి, పూత సమయమున దున్నించుదము. వరాహమిహిరుని నువ్వులు కూడ ఒక మడిలో చల్లి చూతము. పశువుల ఎరువు వేయించుదము. చెట్లను అమ్మదలచినచో అమ్మవచ్చును, ఆ ధనము కళాశాలకు అక్కరకు వచ్చును. కాని మోళ్ళు తీయించి, ఒక వర్షకాలము నేలను విశ్రమింపనిచ్చి పిమ్మట నాటవలెను. మెట్టలో జామాయిలు తీసి తోట వేయు తల్లిదండ్రులకు మన విద్యార్థులు ఈ మాటయే చెప్పవలెను. నాటిన ప్రతి మొక్క వద్ద దాని పేరు, నాటిన తేది రెండు లిపులలో వ్రాసిన పలక నుండవలెను. చచ్చిన మొక్క పలకను పారవేయక, చచ్చిన తేదిని కూడ వ్రాయవలెను. మనకు బ్రతికిన మొక్కల ఛాయాచిత్రములు చాల కలవు. చచ్చిన మొక్కల లెక్క ఒక్కటియు లేదు. లెక్క లేని చోట నింద పెరుగును.

విద్యార్థి మిత్రులారా! నేల మాటలాడదు గాని అబద్ధమును ఆడదు. దానిని అడుగు విధానమునకే శాస్త్రమని పేరు. కమిటీ పెద్దలకు మా మనవి యొకటే. ఈ సంవత్సరము ఏబది కుండీలు, ఒక గది మూల, ఒక ఋతువు కాలము అనుగ్రహింపుడు. ఆ తరువాత దోషము నిజముగా పిల్లల చేతులదే యని తేలినచో వారిని మందలింపుడు, మేము అడ్డురాము. చోటుదని తేలినచో, మూడేండ్లుగా వారిమీద పడిన మాటను తీసివేయుటకు మాత్రము సంకోచింపకుడు. మొక్కకు నీరెంత అవసరమో, నాటిన పిల్లవానికి న్యాయము అంత అవసరము.